ఒకే ప్రశ్న, మూడు వ్యాసాలు: ఖతార్ ప్రపంచకప్ నాకు నేర్పిన ఎస్సే

గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. నేను టాపర్‌ను కాను. అందువల్ల ఏయే పుస్తకాలు చదవాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి అనే లెక్కలు నా దగ్గర లేవు. దాదాపు రెండేళ్ల వ్యవధిలో ఒకే ప్రశ్నకు మూడుసార్లు రాసిన వ్యాసం గురించి మాత్రం చెప్పగలను. 2022 నవంబరులో, ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు, మా టెస్ట్ సిరీస్‌లో వచ్చిన ప్రశ్న ఇది: ‘ఒక చిన్న గల్ఫ్ దేశానికి ప్రపంచ స్థాయి క్రీడోత్సవాన్ని అప్పగించడం సమంజసమేనా? చర్చించండి.’ పేపర్ మొత్తం మూడు గంటలు, మూడు వ్యాసాలు, ఒక్కోదానికి 50 మార్కులు. అంటే దీనికి దక్కేది గంట.

ప్రశ్న చూడగానే ఇది నా కోసమే ఇచ్చారనుకున్నాను. మాది జగిత్యాల వైపు పల్లె. మా వాడకట్టులో గల్ఫ్‌కు మనిషి పోని ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా బావ, అంటే మా అక్క భర్త, 2013 నుంచి 2019 వరకు దోహాలో షట్టరింగ్ పని చేసి వచ్చాడు. విషయం ఇంత దగ్గరిది కావడంతో ఆలోచించకుండా ఆవేశంగా రాశాను: అది ఎడారి, ఫుట్‌బాల్ సంప్రదాయం లేని దేశం, లంచాలిచ్చి ఓట్లు కొన్నది, స్టేడియాలు కడుతూ 6,500 మంది చనిపోయారు, కాబట్టి ఇవ్వకూడదు. 50కి 19 వచ్చాయి. దిద్దిన సారు మూడు చోట్ల మాత్రమే ఎర్ర సిరా వాడారు. ‘చిన్న’ అనే మాట చుట్టూ సున్నా చుట్టి ‘చిన్నదైతే ఏమిటి?’ అన్నారు. ‘కొన్నది’ కింద గీత గీసి ‘ఎవరు తేల్చారు?’ అని రాశారు. 6,500 పక్కన ‘ఇది దేని లెక్క?’ అని అడిగారు. ఆ మూడు ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఆ తర్వాత నా ఎస్సే ప్రిపరేషన్ అయింది.

ముందు అంకె సంగతి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మనలో చాలామందిమి నోటుపుస్తకంలో అంకెను ఎక్కించుకుంటాం కానీ ఆ అంకె వెనుక ఉన్న ప్రశ్నను ఎక్కించుకోము. గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో ప్రచురించిన కథనం ప్రకారం, 2010 డిసెంబరులో ఖతార్‌కు ఆతిథ్యం ఖరారైన నాటి నుంచి పదేళ్ల కాలంలో భారత్, పాకిస్థాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక దేశాలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఆ దేశంలో చనిపోయారు. వారిలో భారతీయులు 2,711 మంది. ఇది స్టేడియాల దగ్గర జరిగిన మరణాల లెక్క కాదు, ఏ కారణంతోనైనా ఖతార్‌లో జరిగిన మరణాల లెక్క. నిర్వాహకులు స్టేడియం పనులకు సంబంధించి చెప్పిన లెక్క వేరు: పని ప్రమాదాల్లో ముగ్గురు, పనితో సంబంధం లేదంటూ మరో 37 మంది. నిర్వహణ కమిటీ అధిపతి హసన్ అల్ తవాదీ 2022 నవంబరులో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ప్రపంచకప్‌తో ముడిపడిన పనులన్నిటిలో కలిపి నాలుగు నుంచి ఐదు వందల మధ్య ఉంటుందన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2020 ఒక్క ఏడాదికి, దేశం మొత్తం మీద, పని కారణంగా జరిగిన మరణాలు 50 అని, తీవ్రంగా గాయపడినవారు 500 పైచిలుకు అని లెక్క తేల్చింది. ఈ అంకెల్లో ఒకటి నిజం, మిగతావి అబద్ధం అనుకుంటే పొరపాటు. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన వేర్వేరు జవాబులివి. నేను మాత్రం ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్న కింద రాసేశాను.

అయితే ఆ పెద్ద అంకెను పక్కన పెట్టేస్తే అన్యాయం జరుగుతుందని కూడా అప్పుడే అర్థమైంది. అందులో అత్యధిక మరణాలకు కారణంగా నమోదైనది ‘సహజ మరణం’, గుండె లేదా శ్వాస ఆగిపోవడం, అదీ చాలా సందర్భాల్లో శవపరీక్ష లేకుండానే. కొన్నేళ్ల కిందట మా ఊరికి శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఒక పెట్టె వచ్చింది. వెంట వచ్చిన కాగితంలో గుండె ఆగిందని మాత్రమే ఉంది, చనిపోయిన మనిషికి నలభై కూడా దాటలేదు. కాగితం చదివి వినిపిస్తుంటే ఒక పెద్దమనిషి, ‘గుండె ఆగకుంట సచ్చేటోడు ఎవడున్నడు బిడ్డా?’ అన్నాడు. ఆ కాగితంలోని మాటకు ఖరీదు ఉంది. పని వల్ల జరిగిన మరణమైతేనే యజమాని పరిహారం చెల్లించాలి. మన దేశం నుంచి ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ వంటి చోట్లకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు) మీద వెళ్లేవారికి ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు వచ్చేది కూడా ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికే. సహజ మరణం అని రాసిన క్షణంలోనే రెండు తలుపులూ మూసుకుపోతాయి. 2022లో అమ్నెస్టీ తదితర మానవహక్కుల సంస్థలు ఆ టోర్నీ ప్రైజ్‌మనీకి సమానమైన 44 కోట్ల డాలర్లతో కార్మికులకు పరిహార నిధి పెట్టాలని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాను అడిగింది ఇందుకే. ‘6,500 మంది చనిపోయారు’ అన్న వాక్యం కంటే ‘వారిలో ఎందరు ఎందుకు చనిపోయారో తేల్చే ప్రయత్నమే సరిగా జరగలేదు’ అన్న వాక్యానికి బరువు ఎక్కువ, పైగా దాన్ని ఎవరూ కొట్టివేయలేరు.

లంచాల విషయంలో నేను చేసింది భాషలోని తప్పు. ఆరోపణ, అభియోగం, నిర్ధారణ అనే మూడు మాటలను ఒకటే అన్నట్టు వాడాను. 2010 డిసెంబరు 2న జ్యూరిచ్‌లో జరిగిన ఓటింగులో పాల్గొన్నది 22 మంది ఫిఫా కార్యవర్గ సభ్యులు, చివరి రౌండులో ఖతార్ 14-8తో అమెరికాను ఓడించింది. ఓటు అమ్ముకోవడానికి సిద్ధపడ్డారన్న ఆరోపణపై ఇద్దరు సభ్యులు అంతకు ముందే సస్పెండ్ అయ్యారు. 2014లో ఫిఫా నైతిక విభాగం ఓటింగును రద్దు చేసేంత ఆధారం లేదని సారాంశం ప్రకటిస్తే, అసలు దర్యాప్తు చేసిన మైకేల్ గార్సియా ఆ సారాంశం తన నివేదికను వక్రీకరించిందంటూ తప్పుకున్నారు. 2020లో అమెరికా న్యాయశాఖ అభియోగపత్రంలో కొందరు ఓటర్లకు డబ్బు అందిందని పేర్కొంది, ఖతార్ దాన్ని ఖండించింది. ఇంతవరకు రాసి, ‘ప్రక్రియ నమ్మకం కలిగించేలా లేదు’ అంటే సరిపోతుంది. ‘కొన్నది’ అనేస్తే తీర్పు చెప్పినట్టు.

2023 జనవరిలో రెండోసారి రాశాను. అప్పటికి టోర్నీ అయిపోయింది. సౌదీ అరేబియా అర్జెంటీనాను ఓడించడం, మొరాకో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు కావడం, ఫైనల్లో ఎంబాపే హ్యాట్రిక్ కొట్టినా మెస్సీ కప్పు ఎత్తడం చూసిన మత్తులో అటునుంచి ఇటు దూకాను. అరబ్బు ప్రపంచానికి తొలి ప్రపంచకప్, అద్భుతమైన మ్యాచ్‌లు, కాబట్టి ఇవ్వడమే న్యాయం అని రాశాను. 24 వచ్చాయి. ‘ఇది స్పోర్ట్స్ పేజీ, వ్యాసం కాదు’ అని కింద రాసి ఉంది. ఆట బాగా జరిగిందంటే అప్పగించడం సరైనదని అర్థం కాదు కదా! పెళ్లి భోజనాలు రుచిగా ఉన్నంత మాత్రాన సంబంధం మంచిదని చెప్పలేనట్టే. స్పోర్ట్స్‌వాషింగ్ (క్రీడోత్సవాలతో చెడ్డపేరును కడిగేసుకోవడం) అనే మాటకు ‘క్రీడాప్రక్షాళన’ అని సొంతంగా పదం తయారుచేసి అక్కడ ఒక ప్రశ్నార్థకం కూడా సంపాదించాను. మన మాటల మోజులో ఇలాంటి ప్రయోగాలు చేయకండి. అలవాటైన పదాన్ని అలాగే ఉంచి ఒక వాక్యంలో వివరిస్తే చాలు.

మూడో వ్యాసం 2024 ఎండాకాలంలో రాశాను. దానికి దారి చూపినది మొదటి సున్నాలోని ‘చిన్న’ అనే మాట. ఖతార్ విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత కరీంనగర్ జిల్లా కంటే రవ్వంత తక్కువ. టోర్నీ నాటికి జనాభా 30 లక్షల లోపు, అందులో సొంత పౌరులు పదింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. కానీ 1930లో తొలి ప్రపంచకప్‌ను నిర్వహించిన ఉరుగ్వే జనాభా అప్పుడు 20 లక్షలైనా లేదు, మ్యాచ్‌లన్నీ ఒక్క మాంటెవిడియో నగరంలోనే జరిగాయి. చిన్నతనం వల్ల సౌకర్యం కూడా ఉంది: ఖతార్‌లో ఏ రెండు స్టేడియాల మధ్యా 75 కిలోమీటర్లకు మించి దూరం లేదు, ఒకే రోజు రెండు మ్యాచ్‌లు చూసిన అభిమానులున్నారు. నష్టమూ ఉంది: ఎనిమిది స్టేడియాల్లో ఏడు కొత్తగా కట్టవలసి వచ్చింది, బస చాలక దుబాయ్ వంటి చోట్ల ఉండి రోజూ విమానంలో వచ్చిపోయినవారున్నారు. కర్బన తటస్థ టోర్నీ అన్న ఫిఫా ప్రచారాన్ని 2023లో స్విట్జర్లాండ్ ప్రకటనల నియంత్రణ సంఘం తప్పుపట్టింది. ఇక అప్పటికే 2034 ప్రపంచకప్‌కు ఏకైక అభ్యర్థిగా నిలిచిన సౌదీ అరేబియా (ఆ డిసెంబరులో పోటీ లేకుండానే దానికి ఖరారైంది) వైశాల్యంలో మన దేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. అంత పెద్ద దేశం గురించి కూడా వస్తున్న ప్రశ్నలు అవే: ఎండ, కార్మికులు, ఓటింగ్ తీరు. కాబట్టి ప్రశ్నలో ఉన్న ‘చిన్న’ అనే విశేషణం మనల్ని పక్కదారి పట్టించడానికి ఉంది తప్ప దారి చూపడానికి కాదు.

మరి అసలు విషయం ఏమిటి? అది నాకు బావ మాటల్లో దొరికింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, ప్రపంచకప్ వల్ల కూలీలకు మేలు జరిగిందా అని సూటిగా అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ‘నేనున్నన్ని రోజులు నాకు ఎన్‌ఓసీ ఇయ్యలే బామ్మర్దీ. జీతం రెండు నెల్లు ఆపినా ఆడనే పడి ఉన్న. మా చిన్నబాపు కొడుకు గదే సనయ్యల ఉండి, 2021ల ఏ కాగితం అడగకుంటనే కంపెనీ మారిండు. మేలైందా అంటే వానికైంది, నాకు కాలేదు’ అన్నాడు. ఎన్‌ఓసీ అంటే వేరే కంపెనీకి మారడానికి పాత యజమాని ఇచ్చే అనుమతి కాగితం. సనయ్య అంటే దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియా, కార్మికుల క్యాంపులు ఎక్కువగా ఉండే చోటు.

బావ మాటను వ్యాసంలో రాయలేదు, రాయకూడదు కూడా. ఆ మాట వెనుక ఉన్న తేదీలను వెతికాను. కార్మికుడి వీసా, ఉద్యోగం, దేశం విడిచి వెళ్లే అనుమతి అన్నీ ఒకే యజమాని గుప్పిట్లో ఉండే కఫాలా పద్ధతి అమలులో ఉండగానే 2010లో ఆతిథ్యం ఇచ్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థతో ఖతార్ సహకార ఒప్పందం 2017లో కుదిరింది. ఎక్కువమంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ రద్దయింది 2018లో. ఎన్‌ఓసీ లేకుండా ఉద్యోగం మారే హక్కు 2020లో వచ్చింది. నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం 2021 మార్చి నుంచి అమలైంది. ఫిఫా తన మానవహక్కుల విధానాన్ని ఆమోదించినది కూడా 2017లోనే. అంటే ఓటు వేసిన నాడు షరతు లేదు. పునాదులు తవ్వి, కాంక్రీటు పోసిన ఏళ్లు గడిచాక షరతులు వచ్చాయి. ఇదే పోకడ వాతావరణం విషయంలోనూ కనబడుతుంది: జూన్, జులై నెలలకని బిడ్లు పిలిచి, ఓటింగ్ జరిగిన నాలుగేళ్ల తర్వాత, 2015లో, టోర్నీని నవంబరు, డిసెంబరుకు మార్చారు. ‘అప్పగించినందువల్లే సంస్కరణలు వచ్చాయి’ అనే వాదన నిజమే, దాన్ని నా వ్యాసంలో ఒప్పుకున్నాను. అయితే ఆ సంస్కరణలు అప్పగించడానికి ముందు షరతుగా ఉండి ఉంటే ఆ ఏడేళ్లూ కలిసి వచ్చేవి కదా అన్నదే నా వాదన: దేశం చిన్నదా పెద్దదా అని కాదు, షరతులు ఓటుకు ముందు రాసి ఉన్నాయా లేవా అని చూడాలి.

ప్రారంభానికి మహనీయుల సూక్తి వెతకడం మానేశాను. 2019 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో దోహా సముద్రతీరాన అర్ధరాత్రికి నిమిషం ముందు మొదలైన మహిళల మారథాన్‌తో ఎత్తుకున్నాను. 68 మంది పరుగు మొదలుపెడితే గమ్యం చేరినది 40 మంది. అదే పోటీల్లో ఖలీఫా స్టేడియం లోపల ఏసీ చల్లదనం, బయట రోడ్డు మీద ఉక్క. ఆ రోడ్డు మీదే పగటిపూట పని చేసేవాళ్లెవరు అన్న ప్రశ్నతో రెండో పేరాలోకి వెళ్లాను. గంటలో పదిహేను నిమిషాలు ఆలోచనకు, నలభై నిమిషాలు రాతకు, మిగిలినవి తేదీలు సరిచూసుకోవడానికి ఉంచుకున్నాను. 31 వచ్చాయి. ఆ అక్టోబరులో జరిగిన మెయిన్స్‌లో ఈ ప్రశ్న రాలేదు. ఈ పద్ధతి మాత్రం మూడు సెక్షన్లలోనూ వాడుకున్నాను.

పరీక్షకు ముందు ఆ మూడో వ్యాసాన్ని బావకు చదివి వినిపించాను. వేసవిలో ఆరుబయట పని ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు నిషేధమని రాసిన చోట ఆపి, తప్పు అన్నాడు. తాను ఉన్నప్పుడు పదకొండున్నరకు దింపి మూడింటికి మళ్లీ ఎక్కించేవారట, అదీ జూన్ సగం పోయాకనే. వెతికితే ఇద్దరిదీ నిజమే. 2007 నాటి నిబంధన ఆయన చెప్పినది, జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు. నేను రాసినది జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు అంటూ 2021లో సవరించినది. ఆ వాక్యం మొదట్లో ‘2021 నుంచి’ అని చేర్చి, మళ్లీ చదివి వినిపించాను.