పెద్ద పేరును కాదని గ్రినెల్‌ను ఎంచుకోవడం

అమెరికాలో కాలేజీల ర్యాంకులు అనగానే మన తెలుగు కుటుంబాలు తిరగేసేది యూఎస్ న్యూస్ వారు ఏటా ప్రకటించే జాతీయ విశ్వవిద్యాలయాల జాబితాను. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ వంటి పేర్లన్నీ అందులోనే ఉంటాయి. డిగ్రీ చదువుకే ప్రాధాన్యమిచ్చి సైన్సు, సాహిత్యం, సామాజిక శాస్త్రాలు అన్నీ నేర్పే చిన్న కాలేజీలకు, అంటే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు, అదే సంస్థ విడిగా మరో జాబితా ఇస్తుందనీ, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, స్వార్త్‌మోర్ వంటివి అందులో ఏళ్ల తరబడి ముందు వరుసలో నిలుస్తున్నాయనీ మనలో చాలామందికి తెలియదు. వాటిని మొదటి జాబితాలో అసలు లెక్కలోకే తీసుకోరు కనుక, అందులో పేరు లేని కాలేజీని మనం తక్కువ రకం కాలేజీగా భావిస్తాం.

మా అమ్మాయి అందరికీ తెలిసిన ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో వచ్చిన సీటును వదులుకుని ఐయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో చేరింది. ఆ సంగతి తెలిసిన రోజునే విజయవాడ నుంచి మా పెద్దన్నయ్య ఫోన్ చేసి, "ఏమ్మా, అంత పేరున్న యూనివర్సిటీని వదిలేసి ఎవరూ వినని ఊరికి పంపడమేమిటి? రేపు పిల్ల ఎక్కడ చదివిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. మేనకోడలి మీద ప్రేమతో అడిగిన ప్రశ్న అది. ఫోన్లో నాలుగు మాటల్లో తేలేది కాదు కాబట్టి అన్నయ్యకూ, అదే సందేహంతో ఉన్న తల్లిదండ్రులకూ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గ్రినెల్ 1846లో స్థాపించిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. విద్యార్థులు సుమారు 1,700 మంది. ఊరి జనాభా పది వేల లోపే. రాష్ట్ర రాజధాని డి మోయిన్ నుంచి కారులో గంట ప్రయాణం. అక్కడ పీజీ, పీహెచ్‌డీ విభాగాలు లేవు. అన్ని విషయాలకన్నా ముఖ్యంగా చూడవలసింది ఇదేనని నేననుకుంటాను. పరిశోధనలో పేరు గడించిన పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సమయంలో ఎక్కువ భాగం తన ల్యాబుకూ, గ్రాంట్లకూ, పీహెచ్‌డీ విద్యార్థులకూ పోతుంది. మొదటి ఏడాది కోర్సు వందలమంది కూర్చునే హాలులో జరుగుతుంది, సందేహాలు తీర్చడం, పేపర్లు దిద్దడం చాలావరకు టీఏలుగా (టీచింగ్ అసిస్టెంట్లుగా) పనిచేసే పీజీ విద్యార్థుల వంతవుతుంది. మా వారూ నేనూ ఇక్కడికి ఎంఎస్‌కు వచ్చినవాళ్లమే. టీఏలుగా డిగ్రీ పిల్లల పేపర్లు దిద్దినవాళ్లమే. మేం శ్రద్ధగానే దిద్దాం. అయితే ఆ పిల్లల తల్లిదండ్రులు ఏ ప్రొఫెసర్ల పేర్లు చూసి అంత ఫీజు కట్టారో ఆ ప్రొఫెసర్లు ఆ పేపర్లను చూడలేదు.

గ్రినెల్‌లో అందరూ తప్పనిసరిగా చదవవలసిన కోర్సు ఒక్కటే. దానిని మొదటి సంవత్సరపు ట్యుటోరియల్ అంటారు. సుమారు డజను మంది విద్యార్థులూ ఒక ప్రొఫెసరూ కలిసి ఒక అంశాన్ని సెమిస్టర్ అంతా చదువుతారు, చర్చిస్తారు, దాని మీద వ్యాసాలు రాస్తారు. ఆ ప్రొఫెసరే విద్యార్థికి సలహాదారు కూడా. మేజర్‌ను, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే విషయాన్ని, ఎంచుకునేదాకా ఏ కోర్సులు తీసుకోవాలన్నది ఆయనతో కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలి.

మా అమ్మాయి చేరిన ట్యుటోరియల్ నదీజలాల హక్కుల గురించినది. తాతగారి ఊరు కృష్ణా డెల్టాలో ఉంది కాబట్టి తను బచావత్ ట్రిబ్యునల్ తీర్పును తీసుకుని, కృష్ణలో 2,060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఎలా పంచారో చక్కగా వివరించి రాసింది. స్కూల్లో అయితే అది 'A' గ్రేడు వచ్చే వ్యాసమే. ప్రొఫెసర్ దానిని మార్జిన్ నిండా పెన్సిల్ రాతలతో తిప్పి పంపారు. ఆ 2,060 అన్నది 75 శాతం విశ్వసనీయతతో కట్టిన అంకె, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంత నీరు వస్తుందన్న లెక్క. మరి నాలుగో ఏడు నీరు తగ్గినప్పుడు ఎవరి పొలం ఎండుతుంది, మిగులు వచ్చిన ఏడు అది ఎవరికి చెందుతుంది, ఆ శాతాన్ని ఎంచుకోవడంలోనే ఒక తీర్పు దాగి లేదా అని అడిగారు. కృష్ణానదిని ఎన్నడూ చూడని మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్ల రాసిన వ్యాసం కోసం ఆ తీర్పును తెప్పించుకుని చదివారు. మా అమ్మాయి ఆ వ్యాసాన్ని మళ్లీ మళ్లీ తిరగరాసింది. సెలవులకు వచ్చినప్పుడు తాతగారికి ఫోన్ చేసి కాలువ చివరి భూములకు నీరు ఏ నెలలో అందేదో అడిగి రాసుకుంది. ఒక అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగడం తను నేర్చుకున్నది అక్కడే.

ఇది మా ఇంటి అనుభవం మాత్రమే అనుకోనవసరం లేదు. ఇంటెల్ సంస్థను 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి స్థాపించిన రాబర్ట్ నోయిస్ గ్రినెల్‌లోనే చదివాడు. 1948లో ఒక విందు కోసం ఊరి బయటి పొలం నుంచి పందిపిల్లను ఎత్తుకొచ్చాడు. వ్యవసాయమే ప్రాణమైన ఐయోవాలో అది చిన్న నేరం కాదు. భౌతికశాస్త్ర ప్రొఫెసర్ గ్రాంట్ గేల్, కాలేజీ అధ్యక్షుడు కలిసి నచ్చజెప్పడంతో ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టిన కొద్దికాలానికే దానిని సంపాదించి తరగతిలో చూపించినవారు కూడా ఆ గేల్ గారే. నోయిస్ 1949లో పట్టా పుచ్చుకుని వెళ్లి, పదేళ్ల తర్వాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (నేటి కంప్యూటర్ చిప్‌కు మూలం) ఆవిష్కర్తలలో ఒకడయ్యాడు. ఒక అల్లరి కుర్రవాడిలో ఏముందో ఎరిగి అతని తరఫున నిలబడిన గురువు ఉండబట్టే ఆ చదువు సాగిందని నా నమ్మకం. వేలమందిలో ఒకడిగా ఉంటే అతని కోసం ఎవరు వచ్చి మాట్లాడేవారు?

1989లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న థామస్ చెక్ కూడా 1970లో గ్రినెల్ నుంచి పట్టా పొందినవాడే. 2020లో అదే బహుమతి పొందిన జెన్నిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో డిగ్రీ చేసి, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తర్వాత చెక్ ల్యాబులోనే పనిచేశారు. ఇద్దరూ డిగ్రీకి చిన్న కాలేజీనీ, ఆ పైన పరిశోధనకు పెద్ద విశ్వవిద్యాలయాన్నీ ఎంచుకున్నారు. పీజీ విద్యార్థులు లేని చోట ల్యాబులో ప్రొఫెసర్ పక్కన నిలబడి పనిచేసే అవకాశం డిగ్రీ విద్యార్థికే దక్కుతుంది కాబట్టి, ఈ దారి నాకెంతో సహేతుకంగా తోస్తుంది.

ఈ కాలేజీలు అందరికీ సరిపోవు. కోర్సుల సంఖ్య తక్కువ; పైస్థాయి కోర్సు రెండేళ్లకొకసారి మాత్రమే ఉండవచ్చు. ఇంజనీరింగ్ కొన్నింటిలోనే ఉంది. స్వార్త్‌మోర్, హార్వీ మడ్ వంటి చోట్ల నేరుగా చదవవచ్చు, మరికొన్ని చోట్ల మూడేళ్లు కాలేజీలో, రెండేళ్లు వేరే ఇంజనీరింగ్ స్కూల్లో చదివే ఏర్పాటు ఉంటుంది. చిప్ డిజైన్ తప్ప మరేదీ వద్దని ముందే తేల్చుకున్న పిల్లవాడికి పెద్ద విశ్వవిద్యాలయమే మేలు. జనసందడి కావాలనుకునే పిల్లలకు చలికాలంలో ఇటువంటి ఊళ్లు భారంగా ఉంటాయి. ఇండియాలో ఉద్యోగం వెతుక్కునేవారు కాలేజీ గురించి ప్రతిచోటా వివరించుకోవలసి వస్తుంది, అన్నయ్య చెప్పినట్టే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటు కాలేజీల ప్రకటిత ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. అయితే గ్రినెల్ వంటి పెద్ద నిధి ఉన్న కాలేజీలు, సీటు ఇచ్చిన అమెరికా విద్యార్థి కుటుంబానికి అవసరమని లెక్కతేలిన సాయమంతా ఇస్తాయి. నోయిస్ ట్రస్టీగా ఉండగా ఇంటెల్‌లో పెట్టిన పెట్టుబడి గ్రినెల్ నిధిని పెంచినవాటిలో ఒకటి. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ నెట్ ప్రైస్ క్యాల్‌క్యులేటర్ ఉంటుంది; సాయం పోగా మీ కుటుంబం కట్టవలసింది సుమారు ఎంతో అది చెబుతుంది. దరఖాస్తుకు ముందే దానిలో మీ ఆదాయ వివరాలు నింపి చూడండి. హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో దరఖాస్తు చేసే పిల్లల విషయం వేరు. సాయం అడిగితే దాని ప్రభావం ప్రవేశం మీద పడే కాలేజీలే ఎక్కువ. ఆమ్‌హర్స్ట్, బౌడిన్ వంటి కొద్ది కాలేజీలు మాత్రమే విదేశీ విద్యార్థుల ఆర్థిక స్థితిని చూడకుండా ప్రవేశం నిర్ణయిస్తాయి.

కాలేజీ చూడడానికి వెళ్లినప్పుడు భవనాలు చూపించే గైడునే మూడు సంగతులు అడగండి. మొదటి ఏడాది నీ వ్యాసాలు ఎవరు దిద్దారు, నీ గురించి సిఫారసు లేఖ రాయగల ప్రొఫెసర్లు ఎంతమంది ఉన్నారు, క్రితం వేసవిలో నువ్వు ఎవరితో కలిసి పనిచేశావు అని. మా అమ్మాయి రెండు చోట్లా ఇవే అడిగి, ఆ జవాబులను పక్కపక్కన పెట్టుకుని చూసి గ్రినెల్‌కు డిపాజిట్ కట్టమంది.