మనసులు చదువుదామని వెళ్లి ఎక్సెల్ షీట్ ముందు కూర్చున్నాను

సైకాలజీ డిగ్రీ రెండో సంవత్సరం సగం అయ్యేసరికి నా బయోడేటాలో మార్కులు తప్ప రాసుకోవడానికి ఏమీ లేదు. పీజీకి అప్లై చేసేటప్పుడు ‘రీసెర్చ్ అనుభవం’ అని ఒక గడి ఉంటుందని ఒక సీనియర్ అక్క చెప్పింది. ఆ రాత్రే కంగారుగా ప్రొఫెసర్లకు మెయిళ్లు పెట్టడం మొదలుపెట్టాను. మొత్తం ఇరవై మూడు. అన్నింట్లోనూ అవే మాటలు: సైకాలజీ అంటే నాకు చాలా ఇష్టం, ఒక్క అవకాశం ఇవ్వండి.

జవాబులు రెండే వచ్చాయి. ఒకరు ఖాళీ లేదన్నారు. రెండోవారు ఒక్క లైను రాశారు: ‘మీరు వేరే ప్రొఫెసర్ పేరుతో నాకు మెయిల్ పంపారు.’ కాపీ పేస్ట్ చేసేటప్పుడు పేరు మార్చడం మర్చిపోయాను. రెండు రోజులు మెయిల్ బాక్స్ తెరవాలంటేనే భయమేసింది.

ఈలోగా పేరుకైనా ఏదో ఒకటి ఉండాలని డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ చేశాను. రెండు వారాలు వీడియోలు చూడటం, చివర్లో సర్టిఫికెట్. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘అక్కడ మీరు చేసిన పనేంటి?’ అని అడిగితే నోట మాట రాలేదు. చేస్తేగా చెప్పడానికి.

మూడో విడతలో పద్ధతి మార్చాను. ఒకే ఒక్క ల్యాబ్ ఎంచుకుని, ఆ మేడమ్ రాసిన పేపర్లు రెండు కూర్చుని చదివాను. సగం అర్థం కాలేదు కానీ ఒకచోట నిజంగానే డౌట్ వచ్చింది. వాళ్లు చేసేది స్ట్రూప్ టాస్క్. ‘ఎరుపు’ అనే పదాన్ని నీలం రంగులో చూపిస్తారు, మనం పదం చదవకుండా రంగు చెప్పాలి. 1935లో స్ట్రూప్ చేసిన ప్రయోగంలో వంద రంగు గడుల పేర్లు చెప్పడానికి సగటున 63 సెకన్లు పడితే, ఇలా తికమక పెట్టే వంద పదాల రంగులు చెప్పడానికి 110 సెకన్లు పట్టింది. అప్పట్లో జవాబు నోటితో చెప్పించారు. ఈ ల్యాబ్‌లో కీబోర్డు నొక్కిస్తున్నారు. దానివల్ల తేడా తగ్గదా అని అడిగాను. దాంతోపాటు వారానికి ఎన్ని గంటలు రాగలనో, ఏం వచ్చో, ఏం రాదో రాశాను. మెయిల్ మొత్తం కలిపి ఎనిమిది లైన్లు. మర్నాడే జవాబు: ‘తగ్గుతుంది. గురువారం ల్యాబ్ మీటింగ్‌కి రండి, మాట్లాడుకుందాం.’

మొదటి నెలంతా ఫోన్లు చేయడమే పని. ప్రయోగానికి వస్తామన్నవాళ్లకు గుర్తు చేయడం, వచ్చాక సమ్మతి పత్రం చదివి వినిపించడం, సంతకం తీసుకోవడం, అందరికీ ఒకే సూచనలు ఒకే గొంతుతో చెప్పడం. ఇందులో సైకాలజీ ఎక్కడుందిరా దేవుడా అనుకునేదాన్ని. ఒకరోజు ఒకాయన సగంలో లేచి ‘నేను ఆపేస్తాను’ అన్నారు. ‘ఇంకో ఐదు నిమిషాలే కదండీ’ అనేశాను. పక్కనే ఉన్న పీహెచ్‌డీ స్కాలర్ అక్క వెంటనే కల్పించుకుని ‘పర్లేదండీ, మీరు వెళ్లొచ్చు’ అంది. ఆయన వెళ్లాక సమ్మతి పత్రం నా ముందు పెట్టి నాలుగో లైను చదవమంది. ‘ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు.’ అప్పటికి ఆ లైను ముప్పై మందికి నేనే చదివి వినిపించి ఉంటాను.

తర్వాత డేటా నా చేతికి వచ్చింది. ప్రయోగం చివర్లో అందరూ రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేల్ నింపేవారు. 1965 నాటిది, పది వాక్యాలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. అన్నీ ఎక్కించి, ఆ పది వాక్యాలూ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో చూడటానికి క్రోన్‌బాక్ ఆల్ఫా తీశాను. మామూలుగా 0.7 దాటితే ఫర్వాలేదంటారు. నాకు మైనస్‌లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్లీ మైనస్సే.

రాత్రి పదకొండింటికి స్కాలర్ అక్కకు స్క్రీన్‌షాట్ పంపాను. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది. ‘అసలు ఫైల్ ముట్టుకోలేదు కదా?’ అదృష్టం, కాపీ మీదే చేశాను. ‘వాక్యాలు చదివావా?’ చదవలేదు. కాలమ్ నంబర్లే చూశాను. పదింటిలో ఐదు తిరగేసి రాసినవి. తన మీద తనకు తృప్తి ఉందన్న వాక్యానికి ఎక్కువ మార్కు వేసినవాళ్లు, తను ఎందుకూ పనికిరానన్న వాక్యానికి తక్కువే వేస్తారు. ఆ ఐదింటినీ ఐదులోంచి తీసేసి తిప్పాలి: నాలుగు ఒకటవుతుంది, మూడు రెండవుతుంది. తిప్పగానే ఆల్ఫా 0.84. నిజం చెప్పొద్దూ, పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అంత ఆనందం లేదు.

ల్యాబ్ మీటింగుల్లో ఎక్కువగా మాట్లాడుకున్నది 2015లో వచ్చిన పేపర్ గురించి. సైకాలజీ జర్నళ్లలో వచ్చిన వంద అధ్యయనాలను వేరే బృందాలు మళ్లీ చేసి చూశాయి. మొదట చేసినప్పుడు 97 శాతం వాటిలో ఫలితం గణాంకపరంగా నిలిచింది. మళ్లీ చేస్తే 36 శాతంలోనే. నేను క్లాసులో బట్టీ పట్టిన వాటిలో ఎన్ని నిలుస్తాయో అని దిగులేసింది. మేడమ్ మాత్రం ‘అందుకేగా మనం ఉన్నది’ అని టీ కప్పు పట్టుకుని లేచి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి సొంతంగా చిన్న ప్రాజెక్టు చేయాలన్న కోరిక మొదలైంది. రెండు గ్రూపులు, ముప్పై మంది చాలనుకున్నాను. జీపవర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో లెక్క వేయమన్నారు. మధ్యస్థం అనదగ్గ తేడా నిజంగా ఉంటే దాన్ని 80 శాతం పవర్‌తో, అంటే 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గ్రూపుకి 64, మొత్తం 128 మంది కావాలంది. ఎథిక్స్ కమిటీ అనుమతికి ఆరు వారాలు, మనుషుల కోసం ఒక సెమిస్టర్. డేటా తీయకముందే ఏం చూడబోతున్నామో, ఏ లెక్క వేయబోతున్నామో రాసి ఓఎస్ఎఫ్ అనే పరిశోధకుల వెబ్‌సైట్‌లో నమోదు చేశాం. చివరికి రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వయసుల వారీగా విడదీసి చూద్దామా అని నెమ్మదిగా అడిగాను. ‘ముందు రాసుకున్నదాంట్లో అది ఉందా?’ అన్నారు మేడమ్. లేదు. తేడా లేదనే రాసి, మా ఫలితాన్ని పోస్టర్‌గా వేశాం.

ఇంటర్న్‌షిప్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ చూసినవాటిలో చాలావరకు బయట చెప్పకూడనివే. మూడో సంవత్సరం సెలవుల్లో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో ఎనిమిది వారాలు చేశాను. కౌన్సెలర్ పక్కన కూర్చుని అన్నీ వింటానని ఊహించుకున్నాను. డిగ్రీ పిల్లలను సెషన్‌లోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. నా పని పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నాపత్రాల్లో మార్కులు కూడటం. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 0 నుంచి 27. కూడిక చిన్నపిల్లలు కూడా చేస్తారు. కానీ తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా ఏది కనిపించినా, మొత్తం ఎంత తక్కువ వచ్చినా సరే, కూడిక ఆపి సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లాలి. మొదటిసారి అక్కడ ‘1’ చూసినప్పుడు కాగితం పట్టుకున్న చేయి చల్లబడింది. సూపర్‌వైజర్ తీసుకుని, ‘థాంక్స్, ఇక నేను చూసుకుంటాను’ అన్నారు. తర్వాత ఏమైందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

అప్లికేషన్ల సమయంలో సిఫార్సు లేఖ కోసం మేడమ్‌ను అడిగితే, ఇక్కడ చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వమన్నారు. డేటా ఎంట్రీ, ఫోన్లు, స్కోరింగ్, పోస్టర్ అని రాసిచ్చాను. ఆవిడ చదివి పెన్ను తీసుకుని కింద ఒక లైను చేర్చారు: ‘ఆల్ఫా మైనస్ వచ్చిందని అదే రాత్రి చెప్పింది.’