మా వంకకు ఎన్ని మార్కులు?

"మన వంకకు ఎన్ని మార్కులేస్తావు రా?" సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నాయన అడిగినాడు. నేను ఇంగ్లండులో, యార్క్‌షైర్ పక్క, వాగుల ఆరోగ్యం చూసే పని చేస్తానని ఆయనకు తెలుసు. జవాబు చెప్పలేకపోయాను.

అక్కడ నా పని ఇది. నడుము దాటే రబ్బరు బూట్లు వేసుకుని వాగులో దిగుతాను. సన్న కన్నాల వలను నాకు దిగువన ఆనించి పట్టుకుని, స్టాప్‌వాచ్ పెట్టుకుని, అడుగునున్న రాళ్లనూ ఇసుకనూ మూడు నిమిషాలు కాలితో కెలుకుతాను. రాళ్ల కింద దాక్కున్న పురుగులు నీటితో పాటు వలలోకి వస్తాయి. ఇంకో నిమిషం చేత్తో రాళ్లు తిప్పి చూస్తాను. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకటి, ఆకులు రాలే కాలంలో ఒకటి. సీసాలో నీళ్లు పట్టి పరీక్షిస్తే ఆ గంట సంగతే తెలుస్తుంది. రాత్రి ఎవరైనా మురుగు వదిలితే తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. పురుగు మాత్రం నెలల తరబడి అదే వాగులో బతకాలి. నీళ్లు చెడితే మొదట పోయేది అదే.

1970లలో అక్కడ ఒక కమిటీ ఈ పురుగుల కుటుంబాలకు 1 నుంచి 10 దాకా మార్కులు పెట్టింది. ఆ కమిటీ పేరుతోనే దాన్ని బీఎండబ్ల్యూపీ స్కోరు అంటారు. ఆక్సిజన్ బాగా ఉంటే తప్ప బతకని స్టోన్‌ఫ్లై అనే పురుగు కుటుంబాల్లో చాలావాటికి 10. రాతికి అంటుకుని ఉండే పలచటి మేఫ్లై పిల్లకూ 10. మురుగులోనూ బతికే ఎర్రపురుగులకు 2, వానపాముల జాతికి 1. మార్కుల మొత్తాన్ని దొరికిన కుటుంబాల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. ఇప్పుడు ఏ పురుగులు ఎన్నున్నాయో కూడా లెక్కలోకి తీసుకునే కొత్త పట్టిక వచ్చింది కానీ, నేను పని నేర్చుకున్నది పాతదాంతోనే.

నేర్చుకున్న మొదటి ఏడాది మరిచిపోలేను. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, వలలో పడినవన్నీ పోసిన ట్రేను తొందరగా చూసి పక్కన పెట్టేశాను. నా పైన పనిచేసే ఆమె ఆ ఆకుల చెత్తను మళ్లీ వెతికి, కదలకుండా పడి ఉన్న స్టోన్‌ఫ్లై పిల్లను చూపించింది. రెండు తోకలుంటే స్టోన్‌ఫ్లై, మూడుంటే చాలావరకు మేఫ్లై. ఆ ఒక్కదానితో ఆ వాగు సగటే మారిపోయింది. ఎవరూ చూడని ఒక వాగు గురించి అబద్ధం రాయబోయాననిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడి పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మార్కులు కాదు. పెద్దగా చెడని వాగులను ముందు వెతికి, వాటిలో ఏమేమి బతుకుతున్నాయో రాసిపెట్టుకున్నారు. 1977లో మొదలైన ఆ పని రివ్‌ప్యాక్స్ అనే లెక్కగా తయారైంది. వాగు వెడల్పు, లోతు, ఎంత ఎత్తున ఉంది, అడుగున రాయా బురదా అన్నవి చెబితే, ఇందులో ఏవి ఉండాలో అది చెబుతుంది. ఉండాల్సినవాటితో ఉన్నవాటిని పోలుస్తాం. కొండవాగును మైదానం కాలువతో పోల్చం.

చంద్రగిరి పక్క మా వంక శేషాచలం కొండల కింద పుట్టి స్వర్ణముఖిలో కలుస్తుంది. అక్టోబరు నుంచి పడే ఈశాన్య వానలకు పారి, ఎండలు ముదిరేసరికి ఆగిపోతుంది. సంక్రాంతికి ఇంకా మోకాలి లోతు నీళ్లున్నాయి. దోమతెర గుడ్డను కడ్డీకి కుట్టి వల చేసుకున్నాను. అమ్మ పిండి కలిపే తెల్ల టబ్బు ఇచ్చింది.

ఊరి మురుగుకాలువ కలిసే చోట మొదట చూశాను. టబ్బు నిండా ఎర్రపురుగులు, రెండు జలగలు, నల్లటి బురద. అంతే. తర్వాత నాయనా నేనూ మైలు పైకి, కొండ మొదట్లోకి నడిచాం. అక్కడ రాయి తిప్పితే పలచటి మేఫ్లై పిల్లలు చెదిరి పరుగెత్తినాయి. ఇసుక రేణువులతో గూడు కట్టుకున్న పురుగు, తూనీగ పిల్లలు, గోరంత ఎండ్రకాయ.

నాయన కూర్చుని చాలాసేపు చూసినాడు. స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వి కడవలతో నీళ్లు మోసిన మనిషి ఆయన.

"మార్కులు చెప్పవేం?"

"ఆ పట్టిక ఇంగ్లండు వాగులకు చేసింది నాయనా."

"ఎండాకాలం ఎండిపోతాది కదా, దానికి ఫెయిల్ చేస్తావా?"

చెయ్యకూడదు. ఏప్రిల్‌లో ఎండడం మా వంక రోగం కాదు, దాని స్వభావం. ఏడాదంతా పారే వాగు కొలతతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న వంకకూ రోగమున్నట్టే కనిపిస్తుంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఆ స్కోరును ఉన్నదున్నట్టు తీసుకోకుండా మన నదులకు సర్దుకునే వాడింది. మా వంకకైతే కొలత ఆ మైలు పైనే ఉంది. కింద పోయింది ఏమిటో చెప్పగలిగేది అదొక్కటే. అక్కడా మురుగు చేరితే, ఇసుక ఎత్తేస్తే, ఇక్కడ ఏమి ఉండేదో చెప్పడానికి ఏమీ మిగలదు.

నాయనకు ఒక నోటుబుక్కు ఇచ్చి వచ్చాను. తేదీ, నీళ్లు ఎంతవరకున్నాయి, రాయి కింద ఏం కనిపించింది. తోకలు లెక్కపెట్టడం నేర్పించాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, తడి బూట్లు విప్పుతుంటే ఫోన్ చేసినాడు. పారకం ఆగిపోయిందట. బండ కింద మడుగు ఒకటే మిగిలిందట.

"రాయి తిప్పి చూసినా. మూడు తోకలది ఒకటి ఉండాది. రాసుకుంటా ఉండా."