సెట్టింగులు పోకుండా కారు బ్యాటరీ మార్చుకోవడం: నా అనుభవం

మా కారు స్టీరియోకి ఒక కోడ్ ఉంది. ఆ కోడ్ మా దగ్గర లేదు. కారు 2011 మోడల్ హోండా సిటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన ఆర్సీ, ఇన్సూరెన్సు, రెండో తాళంచెవి అన్నీ జాగ్రత్తగానే అప్పగించాడు గానీ, కోడ్ రాసి ఉండే చిన్న కార్డు ఆయన దగ్గరా లేదు, ఆయనకు అమ్మినవాళ్ల దగ్గరా లేదట. బ్యాటరీ తీసి పెడితే సెట్ లాక్ అయిపోతుంది, తెర మీద కోడ్ అడుగుతుంది. దొంగ ఎత్తుకుపోయినా వాడికి పనికిరాకుండా పెట్టిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే, కార్డు ఉన్నవాళ్లకి.

షోరూమ్‌కి ఫోన్ చేసి అడిగాను. సెట్ సీరియల్ నంబర్ ఉంటే కోడ్ ఇస్తాం, దానికి సెట్ బయటికి తీసి చూడాలి, ఆర్సీ పట్టుకుని బండి తీసుకురండి అన్నారు. అదేదో తర్వాతి సర్వీసుకి చేయించుకుందాం అనుకున్నాను. కానీ బ్యాటరీ అంతవరకు ఆగేలా లేదు. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజిన్ బద్ధకంగా మూలుగుతోంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. సెట్టింగులు కాపాడుకునే ఉపాయాలన్నీ బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉన్నప్పుడే పనికొస్తాయి. రాత్రికి రాత్రి పూర్తిగా చచ్చిపోయిందంటే మెమరీ అప్పటికే పోయినట్టు, ఇక కాపాడటానికి ఏమీ మిగలదు. కాబట్టి బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. దానికి మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన కారులో, పొద్దున స్టార్ట్ చేయకముందు, రెండు టెర్మినళ్ల మీద పెట్టి చూడాలి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, అంతకు కాస్త పైన చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12కి దిగితే పావు వంతే మిగిలినట్టు. మాది 12.2 చూపించింది. ముందురోజు హైవే మీద బాగా తిరిగి వచ్చిన బండి అది, అయినా ఛార్జి నిలబడలేదు. అసలు పరీక్ష స్టార్ట్ చేసేటప్పుడు. మా బావమరిది లోపల కూర్చుని తాళం తిప్పితే, నేను బానెట్ దగ్గర మీటర్ పట్టుకుని చూశాను. అంకె 9కి కిందకి జారిపోయింది. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు 9.6కి దిగువన పడితే ఆ బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 14.1 వచ్చింది కాబట్టి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, తప్పు బ్యాటరీదే.

అందరూ చలికాలంలో బ్యాటరీ పోయింది అంటారు గానీ, మన దగ్గర దాన్ని చంపేది ఎండాకాలమే. బానెట్ కింద వేడికి లోపలి ప్లేట్లు తుప్పు పట్టి, నీరు ఆవిరైపోయి ఏప్రిల్, మే నెలల్లోనే నడుం విరిగిపోతుంది. డిసెంబరు పొద్దున ఇంజిన్ ఆయిల్ చిక్కబడి కొంచెం ఎక్కువ బలం అడిగేసరికి ఆ సంగతి బయటపడుతుంది. హైదరాబాద్‌లో నాలుగేళ్లు వచ్చిందంటే సంతోషించాలి.

ఇంతకీ బ్యాటరీ తీస్తే ఏం పోతాయి? దీని మీద చాలామందికి అనవసరమైన భయాలు ఉన్నాయి. ఓడోమీటర్ రీడింగ్ పోదు. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ పోదు. అవి కరెంటు లేకపోయినా నిలిచే మెమరీలో ఉంటాయి. పోయేవి గడియారం, రేడియో స్టేషన్లు, ట్రిప్ మీటర్, కొన్ని కార్లలో అద్దం ఒక్క నొక్కుతో పైకి పోయే సౌకర్యం. వీటిని మళ్లీ పెట్టుకోవచ్చు. వీటికన్నా ముఖ్యమైనది, పైకి కనపడనిది, ఇంజిన్ కంప్యూటర్ ఇన్నాళ్లుగా నేర్చుకున్న లెక్క: ఇంధనం ఎంత వదలాలి, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, గాలి ఎంత ఇవ్వాలి అన్నది. అది చెరిగిపోతే కొన్నాళ్లు ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవచ్చు కూడా. తర్వాత తనే నేర్చుకుంటుంది. హోండాల్లో దానికి ఒక పద్ధతి ఉంది. ఏసీ, లైట్లు అన్నీ ఆపేసి, న్యూట్రల్‌లో రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా 3,000 ఆర్పీఎం దగ్గర ఉంచి, తర్వాత యాక్సిలరేటర్ వదిలేసి ఐదు నిమిషాలకు పైగా ఐడిల్‌లో నడవనివ్వాలి. అంటే నిజంగా వెనక్కి తెచ్చుకోలేనిది నా విషయంలో ఒక్కటే, స్టీరియో.

బ్యాటరీ మార్చేంతసేపు కారుకి వేరేచోటు నుంచి కరెంటు ఇచ్చే ఉపాయాలు వెతికితే మొదట కనిపించేది తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీని సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టడం. నాకిది మొదటినుంచీ నమ్మబుద్ధి కాలేదు. తాళం తీసేసి సాకెట్‌లో మీటర్ పెట్టి చూస్తే సున్నా. మా కారులో తాళం తిప్పితే గానీ ఆ సాకెట్‌కి కరెంటు రాదు, అంటే బయటి నుంచి పెట్టినా లోపలికి పోదు. ఒకవేళ పోయే కారైనా, తలుపు తెరిచి లోపలి బల్బు వెలిగితే ఆ పిల్ల బ్యాటరీ తట్టుకోలేదు. బ్యాటరీ దిగిపోయిన కారుని స్టార్ట్ చేసే లిథియం జంప్ స్టార్టర్ పెట్టొచ్చు కదా అన్నాడు మా బావమరిది. వాటిలో చాలావరకు లోడ్ లేదనుకుని కాసేపటికి తమంతట తామే ఆగిపోతాయి. సరిగ్గా పాత బ్యాటరీ చేతిలో ఉన్నప్పుడు ఆగిందంటే అంతా వృథా.

మిగిలింది ఓబీడీ పోర్టు. స్టీరింగ్ కింద, మెకానిక్ స్కానర్ పెట్టే పదహారు పిన్నుల సాకెట్. అందులో 16వ పిన్ తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ ప్లస్‌కి, 4, 5 పిన్నులు ఎర్త్‌కి వెళ్తాయి. దానికి సరిపడే కేబుల్ ఆన్‌లైన్‌లో దొరికింది, ఒక కొసన ఓబీడీ ప్లగ్, రెండో కొసన ఎరుపు, నలుపు క్లిప్పులు. కరెంటు కోసం కంప్యూటర్ యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. నిద్రపోతున్న కారు లాగే కరెంటు మిల్లీఆంపియర్లలోనే ఉంటుంది కాబట్టి దానికి ఇది గంటల కొద్దీ సరిపోతుంది. అక్కడే 7.5 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు కొని ఎర్ర వైరు మధ్యలో వేశాను. ఈ ఫ్యూజు లేకుండా మాత్రం ఎవరూ ఈ పని చేయొద్దు. చౌక కేబుళ్లలో రంగులు తారుమారుగా ఉండే అవకాశం ఉంది, అందుకని ముందుగా ప్లగ్‌ని కారుకి పెట్టి, క్లిప్పులు ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని మీటర్‌తో చూశాను. ఎరుపే ప్లస్. సరే.

కొత్త బ్యాటరీకి నంబర్ ముఖ్యం. పాతదాని మీద 38బి20ఎల్ అని ఉంది. అందులో 20 అంటే సుమారుగా పొడవు సెంటీమీటర్లలో. చివరి ఎల్ టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. ఆర్ తెచ్చుకుంటే కేబుల్ అందక తల పట్టుకోవాలి. టెర్మినళ్లలో సన్నవి, లావువి కూడా ఉంటాయి. షాపాయన "ఇంకాస్త పెద్దది వేసుకోండన్నా, పవర్ ఎక్కువ ఉంటది" అన్నాడు గానీ ట్రేలో పట్టనిది ఎంత పవర్ ఉన్నా ఏం లాభం. నేను తీసుకున్నది తిరుపతి దగ్గర కరకంబాడి కంపెనీ బ్యాటరీ. మనవాళ్లది అన్న అభిమానం కొంత, ఆ సైజులో తాజా స్టాకు అదే ఉండటం ఎక్కువ. తయారీ తేదీ చూసి, అక్కడే మీటర్ పెట్టి 12.6కి పైన ఉందని తేల్చుకున్నాకే డబ్బులిచ్చాను. ఇంటికొచ్చి ఉచితంగా బిగిస్తామన్నారు. అలా వచ్చే కుర్రాళ్ల పని బాగానే ఉంటుంది, కానీ పీకి పెట్టడమే వాళ్ల పద్ధతి. స్టీరియో కోడ్ గొడవ లేని కారైతే నేనూ వాళ్లనే రమ్మనేవాణ్ణి.

ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. వాచీ, ఉంగరం తీసేశాను. మా బావమరిది చేతి కడియం కూడా తీయించాను, స్పానర్ మీదుగా షార్ట్ అయితే చర్మం కాలిపోతుంది. డ్రైవర్ వైపు అద్దం దించి పెట్టాం, తాళంచెవి నా జేబులో. మధ్యలో డోర్లు లాక్ పడినా ఇబ్బంది ఉండకూడదని. లోపలి బల్బు స్విచ్ ఆఫ్. ముందు క్లిప్పుల్ని యూపీఎస్ బ్యాటరీకి తగిలించి, ఆ తర్వాతే ప్లగ్ ఓబీడీలో పెట్టాను. ప్లగ్ ముందు పెడితే క్లిప్పులకు కారు నుంచి కరెంటు వస్తుంటుంది.

ఇక అసలు సంగతి. మామూలుగా మైనస్ విప్పేస్తే కారు చచ్చిన పాము, ఎక్కడ ముట్టుకున్నా భయం లేదు. ఈ పద్ధతిలో అలా కాదు. బ్యాటరీ బయటికి వచ్చేసినా యూపీఎస్ బ్యాటరీ కారుకి కరెంటు ఇస్తూనే ఉంటుంది, కాబట్టి ఊడదీసిన ప్లస్ కేబుల్ క్లాంపులో పన్నెండు వోల్టులు ఉంటాయి. అది బానెట్ కింద ఏ ఇనుముకి తగిలినా షార్టే. ఫ్యూజు ఉంది కాబట్టి మంటలు రావు, ఫ్యూజు కొట్టేస్తుంది. కానీ ఫ్యూజు పోయిన క్షణమే స్టీరియో కూడా పోతుంది. ఏ కరెంటు సెట్టింగుల్ని కాపాడుతోందో, మనం జాగ్రత్తపడాల్సిందీ దాని దగ్గరే. అందుకని పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కోసి పెట్టుకున్నాను. 10 నంబర్ స్పానర్‌తో ముందు మైనస్ వదులు చేసి పక్కకు మడిచాను, తర్వాత ప్లస్. క్లాంపు పైకి రాగానే ట్యూబులోకి దూర్చి రబ్బరు బ్యాండు వేశాం.

"బావా, ఇంత అవసరమా? గుడ్డ చుడితే సరిపోదా?" అన్నాడు వాడు. గుడ్డ జారుతుంది, ట్యూబు జారదు. పైగా గుడ్డ మీద యాసిడ్ చుక్క పడితే చిల్లు పడుతుంది.

పట్టీ నట్లు విప్పి పాత బ్యాటరీ పైకి తీశాను. చూడటానికి చిన్నదే గానీ పది కిలోల దాకా ఉంటుంది, వంగి లాగితే నడుం పట్టేస్తుంది. పక్కకి వంచకూడదు, లోపల సల్ఫ్యూరిక్ యాసిడ్. ట్రేలోనూ మైనస్ క్లాంపు మీదా తెల్లగా, పచ్చగా పేరుకున్న బూజులాంటిదాన్ని వంటసోడా కలిపిన నీళ్లతో తడిపితే బుసబుస పొంగి కరిగింది. గుడ్డతో తుడిచి, లోపలి అంచుని సన్నటి ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్దాను. ప్లస్ క్లాంపు మీద కరెంటు ఉంది కాబట్టి దాన్ని తడపలేదు, పొడి ఉప్పుకాగితంతోనే రుద్ది మళ్లీ ట్యూబులో పెట్టేశాను.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ ముందు బిగిస్తే, ప్లస్ తిప్పుతున్న స్పానర్ కారు బాడీకి తగిలిందంటే ఈసారి అడ్డుపడటానికి ఫ్యూజు కూడా ఉండదు, కొత్త బ్యాటరీ మొత్తం బలం స్పానర్ మీదుగా పోతుంది. క్లాంపుని సుత్తితో కొట్టి దించకూడదు. బోల్టు బాగా వదులు చేస్తే అదే కూర్చుంటుంది. బిగించాక చేత్తో తిప్పి చూస్తే కదలకూడదు. పైన కాస్త వాజిలైన్ రాశాను. పట్టీ కూడా గట్టిగా ఉండాలి, మన రోడ్ల మీద వదులుగా ఉన్న బ్యాటరీ కుదుపులకే సగం చస్తుంది. అన్నీ అయ్యాక ఓబీడీ ప్లగ్ ముందు పీకి, తర్వాత క్లిప్పులు తీశాను. ఆ ప్లగ్ ఉండగా స్టార్ట్ మాత్రం చేయకూడదు, స్టార్టర్ లాగే కరెంటుకి ఆ సన్న వైర్లు ఏ మూలకీ చాలవు.

తాళం తిప్పాను. గడియారం సరైన టైమే చూపిస్తోంది. స్టీరియో కోడ్ అడగలేదు, నిన్న ఆపిన ఎఫ్ఎం స్టేషనే పాడింది. ట్రిప్ మీటర్ అలాగే ఉంది. ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది, ఐడిల్ ఎప్పటిలాగే నిలకడగా ఉంది. నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర 14.2 వోల్టులు.

ఇదంతా పాత తరహా కారుకి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగి తనే స్టార్ట్ అయ్యే స్టార్ట్-స్టాప్ కార్లలో మామూలు బ్యాటరీ వేయకూడదు, వాటికి సరిపడే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ, కంపెనీ ఏది చెబితే అదే వేయాలి. కొన్నింటిలో, ముఖ్యంగా బీఎండబ్ల్యూ, ఆడి లాంటి వాటిలో, బ్యాటరీ కొత్తదని కారు కంప్యూటర్‌కి స్కానర్‌తో చెప్పాలి, లేకపోతే పాతదానికి పెట్టినట్టే ఛార్జి పెడుతుంది. అలాంటి కారు ఉంటే మెమరీ కాపాడుకున్నంత మాత్రాన పని పూర్తవదు, స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి పోవడమే మేలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికి నేనైతే వెళ్లను.

కోడ్ సంగతి కూడా వదల్లేదు. తర్వాతి సర్వీసులో ఆర్సీ చూపించి అడిగితే సెట్ తీసి, సీరియల్ నంబర్ చూసి ఇచ్చారు. పార్కింగ్ లైట్లు వేసి మర్చిపోయిన రాత్రి ఏ యూపీఎస్ బ్యాటరీ కాపాడుతుంది?

పాత బ్యాటరీ సాయంత్రం షాపుకి తిరిగి ఇచ్చేశాను. అందులో ఉన్నది సీసం, యాసిడ్. ఇంటి ముందు తిరిగే పాత సామాన్ల వాళ్లకి వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కి పంపాల్సిన బాధ్యత తయారీ కంపెనీలదే. పైగా పాతది ఇస్తే రేటులో మంచి తగ్గింపు ఉంటుంది. నేను ముందే పూర్తి డబ్బు కట్టాను కాబట్టి ఆ తేడా అప్పుడు వెనక్కి ఇచ్చాడు. వారంటీ కార్డు మీద సీరియల్ నంబర్, తేదీ, షాపు ముద్ర వేయించుకుని, ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు ప్రోరేటా (వాడిన కాలాన్ని బట్టి) తగ్గింపో అక్కడే అడిగి కార్డు వెనక రాసుకున్నాను.