ఉచిత పాఠం, 3 క్రెడిట్లు

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో, ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ వారి 12 వారాల కోర్సు పూర్తిచేసి సంపాదించిన 3 క్రెడిట్లు (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు) ఎట్టకేలకు నా డిగ్రీ మెమోలో చేరాయి. నల్లగొండలో అద్దె గదిలో కూర్చుని ఐఐటీ ఆచార్యుల పాఠాలు వినడం ఉచితమే కానీ, క్రెడిట్ కావాలంటే 1000 రూపాయల ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అందుకోసం తెల్లవారుజామున బస్సెక్కి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లాను. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు ఉంటాయి. రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం తెచ్చుకోవాలి.

నాకు చదువు కన్నా ఆ క్రెడిట్లను డిగ్రీకి బదిలీ చేయించుకోవడమే కష్టమైంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనలు వీలు కల్పించినా, ఏ కోర్సు ఏ పేపరుకు సమానమో తేల్చవలసింది విద్యాసంస్థే. పరీక్షల విభాగంలో గుమాస్తా గారు క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్‌ను తిప్పి తిప్పి చూసి, "దీని మీద గుండ్రటి ముద్ర లేదు కదమ్మా" అన్నారు. (ముద్ర లేనిదే మన ఆఫీసుల్లో కాగితం కాగితమే కాదు.) చివరకు మా లెక్చరర్ గారు రెండు సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టి, యూనిట్ల వారీగా పోల్చి రాసిన లేఖతోనే ఫైలు కదిలింది. విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీని డిజిలాకర్‌లో ముందే తీసుకుని ఉండటం కలిసొచ్చింది.

ఈ కోర్సులు జనవరి, జూలై నెలల్లో మొదలవుతాయి కనుక, చేరదలచిన జూనియర్లు ఆలోపే శాఖాధిపతి గారి ఆమోదాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.