పెదనాన్న చెక్కచేపలు

పెదనాన్న సంవత్సరీకం అయిన నెలకు పెద్దమ్మ ఆయన రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల పాత లుంగీ గుడ్డలో చుట్టిన, గాలానికి ఎరగా కట్టే పదకొండు చెక్కచేపలున్నాయి. ఒక్కటీ పూర్తి కాలేదు. కొన్నిటికి రంగు లేదు, కొన్నిటికి మూతి కింద రేకు లేదు, రెండైతే ఇంకా చెంచా కాడల్లాగే ఉన్నాయి. "వీటిని ఏం చేయాల్నో నీకే తెలస్తది నాయనా" అంది.

నాకూ తెలియలేదు. కానీ ఆ చెక్క ఎక్కడిదో తెలుసు. అందుకే సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం అన్నా నేనూ కారులో ఉదయగిరికి బయలుదేరాం. అన్న పెదనాన్న పెద్దకొడుకు. గాలం మాత్రం ఎప్పుడూ పట్టలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆదివారాలన్నీ చెరువుగట్ల మీదే గడిచాయన్న బాధ వాడికి ఇంకా ఉంది. నేను అడిగానని వచ్చాడు.

నెల్లూరులో ఐదింటికి బయలుదేరితే బుచ్చిరెడ్డిపాళెం దాటేసరికి తెల్లవారింది. రోడ్డుకు రెండు పక్కలా నాట్లు పడిన మళ్లు. సంగం దగ్గర టీ తాగాం. ఆత్మకూరు దాటాక పచ్చదనం తగ్గి ఎర్రమట్టి, చిట్టడవి, ఆ వెనక ఉదయగిరి దుర్గం కొండ కనిపించాయి.

పెదనాన్న రైస్ మిల్లులో ఫిట్టరు. బేరింగులు, బెల్టులు చూసే చేతులవి. ఇంటికొచ్చాక మాత్రం దొడ్లో ముక్కాలిపీట వేసుకుని చిన్న చాకుతో చెక్క చివ్వుతూ కూర్చునేవాడు. గాలానికి కట్టే ఈ ఉత్తుత్తి చేపల్ని ఇంగ్లీషులో లూర్లు అంటారని మాకు చెప్పింది ఆయనే. అయినా ఆయన నోట ఎప్పుడూ 'చెక్కచేప' అనే మాటే వచ్చేది.

ఆయన తరచూ తలుచుకునే పేరు లౌరి రాపాలా. ఫిన్లాండులో సరస్సుల మీద చేపలు పట్టి బతికిన మనిషి. పెద్దచేప గుంపులోని చేపలన్నిటినీ వదిలేసి, కొంచెం తడబడుతూ ఈదే చిన్నచేప మీదికే దూకడం ఆయన గమనించాడట. 1936లో కార్కు ముక్కను చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ మీది వెండి కాగితం చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూతగా పూశాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు పెదనాన్న కళ్లు మెరిసేవి. "ఆయన కాడ ఏముందిరా? కత్తి, కార్కు ముక్క. చూసే కన్నుంది, అంతే" అనేవాడు. అమెరికాలో అలబామాకు చెందిన టామ్ మాన్ అన్నా ఆయనకు గౌరవమే. ఎరలు చేసిన చేతులతోనే పోటీల్లో రాడ్డు పట్టినవాడని. చేసినవాడే విసరాలి, అప్పుడే తప్పు తెలుస్తుందని పెదనాన్న పట్టు.

ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఇంటికి నేరుగా వెళ్లాం. ఆ ఊరి చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. కాడల మీద పూలు, తీగలు చెక్కుతారు. నర్ది, బిక్కి, కల్ది, పాలబర్కి అని వాళ్లు చెక్కల పేర్లు చెబుతుంటే వినడం నాకు భలే ఇష్టం. వరండాలో భార్యాభర్తలిద్దరూ పనిలో ఉన్నారు. ఆకురాయి శబ్దం తప్ప మరేమీ లేదు.

పెదనాన్న పేరు చెప్పగానే భాయ్ చేతిలో పని కింద పెట్టేశాడు. "ఆ గ్లాసు నీళ్ల సారేనా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. పెదనాన్న మొదటిసారి వచ్చినప్పుడు చెంచా కొనలేదట, బేరం ఆడలేదట. ఒక గ్లాసులో నీళ్లు అడిగాడట. దాహమేమోనని ఇస్తే, నేల మీద పడిన ఒక్కో రకం చెక్కపేళ్లను అందులో వేసి ఏది ఎంత తేలుతుందో చూస్తూ గంటసేపు కూర్చున్నాడట. ఆ తర్వాత ఏటా రెండుసార్లు రావడం, పనికిరాని ముక్కలు ఏరుకోవడం, వద్దన్నా డబ్బులు పెట్టి పోవడం. చాకు ఎటు నుంచి లాగితే చెక్క చిట్లదో భాయ్ దగ్గరే నేర్చుకున్నాడట.

మూట విప్పి చూపించాను. భాయ్ ఒక్కోటి తీసి బొటనవేలితో తడిమాడు. "మా చెంచాకు నునుపుంటే చాలు సార్. మీ పెదనాన్న పనిలో బరువుంది. ఈ పొట్ట చూడండి, ఎంత తీశాడో" అని కాడల్లా ఉన్న ఆ రెంటినీ పక్కన పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి వాటిని చేపలు చేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. వాళ్లింట్లోనే అన్నం తిన్నాం.

రాత్రి ఆత్మకూరులో లాడ్జిలో దిగాం. పెదనాన్న నేర్పిన పని కాబట్టి మిగతాది నేను చేశాను. ఒళ్లంతా పొడవునా ఒకే తీగ దూర్చాలి. చెక్క విరిగినా చేప పోకూడదు. పొట్టలో సీసం పెట్టాలి, లేకపోతే నీళ్లలో పొర్లుతుంది. మూతి కింద రేకు ఏటవాలుగా అతికించాలి. లాగినప్పుడు నీళ్లు ఆ రేకుకు తగిలితేనే చేప కిందికి దిగి, తల ఊపుతుంది. అన్న మంచం మీద పడుకుని చూస్తూ, "మా దొడ్లో నీళ్లతొట్టి దేనికో ఇప్పుడు అర్థమైంది" అన్నాడు. పెదనాన్న ప్రతి చెక్కచేపనూ ఆ తొట్టిలో లాగి చూశాకే బయటికి పంపేవాడు. నచ్చకపోతే పొయ్యిలోకే.

పోటీల సంగతి కూడా ఆ రాత్రే అన్నకు చెప్పాను. బయటి రాష్ట్రంలో ఒక గాలం పోటీలో పెదనాన్నకు ఆరోజు అందరికంటే పెద్ద చేప పడింది. ముల్లు నోట్లో కాకుండా పక్కటెముక దగ్గర దిగింది. చూసినవాళ్లెవరూ లేరు. ఆయనే పిలిచి కొలిచేవాళ్లకు చూపించి, లెక్కలోంచి తీయించి, నీళ్లలో వదిలేశాడు. "అది నమ్మి రాలేదురా, దారిన పోతుంటే తగులుకుంది" అన్నాడు నాతో. నాకు తెలిసి పెదనాన్న గురించి ఇంతకంటే గొప్ప సంగతి లేదు. అన్న చాలాసేపు మాట్లాడలేదు.

పొద్దున్నే సోమశిల. వెలిగొండల సందులోంచి పెన్న దిగివచ్చే చోట కట్టిన జలాశయం, 78 టీఎంసీల నీళ్లు పడుతుంది. 2021 నవంబరు వరదకు కింద సోమేశ్వరాలయం దగ్గర జరిగిన నష్టాన్ని చూసి మనసు పాడైంది. మేం పైన నీటి అంచుకు వెళ్లాం. అక్కడ వల వేసే పెద్దాయన పెదనాన్నకు పాత స్నేహితుడు. ఆయన్ను అడగకుండా పెదనాన్న ఏనాడూ గాలం విసరలేదు. కొరమేను ఎక్కడ పిల్లలు పెట్టిందో ఆయన చూపిస్తాడు, ఆ పక్కకు పోకూడదని. నీటి పైన ఎర్రగా గింగిర్లు తిరిగే పిల్లల గుంపు, దాని కిందనే తల్లీతండ్రీ కాపలా. అప్పుడు దేన్ని విసిరినా కరుస్తాయి, ఆకలికి కాదు, కోపానికి. అలా పట్టడం పెదనాన్నకు పాపం కిందే లెక్క.

"మీ పెదనాయన చేసిందేనా?" అని పెద్దాయన చెక్కచేపను వెలుతురుకు పెట్టి చూశాడు. విసిరాను. ఎడమకు వాలుతూ వచ్చింది. మూతి దగ్గరి తీగకన్నును పట్టకారుతో వెంట్రుకంత కుడికి వంచాను. మళ్లీ విసిరితే తిన్నగా, తల ఊపుకుంటూ వచ్చింది. నాలుగోసారి రెండడుగుల లోతులో నల్లటి నీడ ఒకటి దాని వెనకే గట్టు దాకా వచ్చి, ఆగి, తిరిగిపోయింది.

"చూసింది. నమ్మలా" అన్నాడు పెద్దాయన.

అన్న నా చేతిలోంచి రాడ్డు తీసుకున్నాడు. ఎట్లా పట్టుకోవాలో అడిగాడు. మొదటి రెండుసార్లు తుమ్మకంపలో పడింది, పెద్దాయన మోకాలి లోతు నీళ్లలో దిగి తీసిచ్చాడు. మూడోసారి బాగా దూరం పోయింది. అంతలో పెద్దమ్మ ఫోను. తిన్నారా, ఎప్పుడొస్తారు అని అడిగింది.

అన్న ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, కళ్లు నీటి మీదనుంచి తిప్పకుండా, "ఇంకో గంట పడతదిమ్మా" అన్నాడు.