నేరేడు రంగును లెక్కగట్టడం

నేరేడు పండు మరక పడిన తెల్లచొక్కాకు సబ్బు రాస్తే ఆ ఊదారంగు నీలానికి తిరగడం చిన్నప్పుడు మా ఇంట్లో ఏటా చూసేవాళ్ళం. ఆమ్లంలో ఎర్రబడి, క్షారంలో నీలపడే ఆంథోసయనిన్లనే వర్ణకాల గుణమే దానికి కారణమని చాలా ఏళ్ళకు తెలిసింది. నూరు గ్రాముల నేరేడు పండులో అవి ఎంత ఉన్నాయో తేల్చే పని ఒక వేసవిలో నా చేతికి వచ్చినప్పుడు, ఆ గుణమే కొలతకు కూడా ఆధారమైంది.

తొక్కతో సహా పది గ్రాముల గుజ్జును తూచి, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మిథనాల్‌లో చల్లగా, చీకటిలో నానబెట్టి, పిప్పి రంగు వదలడం మానేదాకా వడగట్టి, మొత్తాన్ని 100 మిల్లీలీటర్లు చేశాను. వేడి చేస్తే రంగు త్వరగా దిగుతుంది కాని, ఆ వేడికే కొంత వర్ణకం పాడవుతుంది.

ఈ వర్ణకాలు పీహెచ్ (ఆమ్లత కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 1.0 వద్ద ఎర్రగా ఉంటాయి, 4.5 వద్ద అణువుకు నీరు చేరి దాదాపు రంగు కోల్పోతాయి. నిల్వలో ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన పాత వర్ణకాలు మాత్రం పీహెచ్ మారినా పెద్దగా మారవు. అందుచేత ఒకే రసాన్ని రెండు బఫర్లలో (పీహెచ్‌ను 1.0, 4.5 వద్ద నిలిపి ఉంచే ద్రావణాలలో) కలిపి, 520 నానోమీటర్ల వద్ద శోషణ, అంటే ఆ కాంతిని ఎంత పీల్చుకుందో చూసి, ద్రావణపు మసకను 700 వద్ద రీడింగుతో తీసివేసి, ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే, చెడని వర్ణకం లెక్క మాత్రమే మిగులుతుంది. 2005లో విశ్లేషణ పద్ధతులను ప్రమాణీకరించే సంస్థ ఏఓఏసీ అధికారికంగా ఆమోదించిన పద్ధతి ఇదే. దీనికి శోషణను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు, రెండు బఫర్లు ఉంటే చాలు.

నా మొదటి ప్రయత్నంలో 4.5 బఫర్‌లోని ద్రావణం గులాబీరంగు వదలలేదు. పరికరాన్ని అనుమానించి ఒక పూట వృథా చేశాక పీహెచ్ మీటరు ముంచి చూస్తే తప్పు నాదేనని తేలింది: రసం మరీ ఎక్కువ పోయడంతో అందులోని ఆమ్లం బఫర్‌ను కిందికి లాగేసింది. రసం మొత్తంలో ఐదో వంతుకు మించకూడదన్న నియమాన్ని నేను చదివాను గాని, పట్టించుకోలేదు.

ఇక లెక్క. శోషణల తేడా 0.60, పలుచన 20 రెట్లు అనుకుంటే, అణుభారం 449.2తోను, మోలార్ శోషణ గుణకం (వర్ణకం కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటుందో చెప్పే అంకె) 26,900తోను లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు వస్తుంది. పై తూకం ప్రకారం అది నూరు గ్రాముల పండుకు 200 మిల్లీగ్రాములు. అయితే ఆ అణుభారం, గుణకం రెండూ మరో ఆంథోసయనిన్ అయిన సయనిడిన్-3-గ్లూకోసైడ్‌వి. నేరేడులో ప్రధానంగా ఉండేవి డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్‌ల డైగ్లూకోసైడ్లు. రెండేసి చక్కెరలు మోసే వాటి అణుభారం ఇంకా ఎక్కువ, గుణకాలూ వేరు. అంటే నేను కొలిచింది నేరేడు వర్ణకాన్నే అయినా, చెప్పింది మరో వర్ణకం కొలమానంలో. ఆ కొలమానం పేరు రాయకుండా "ఇన్ని మిల్లీగ్రాములు" అని అచ్చువేసే ఆరోగ్య వ్యాసాలను అప్పటినుంచి నేను నమ్మడం మానేశాను.

ఏ వర్ణకం ఎంతో విడివిడిగా కావాలంటే, మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి వెళ్ళక తప్పదు. అక్కడ సీ18 కాలమ్ అనే గొట్టం వాటిని వేరుచేస్తుంది గాని, పోల్చుకోవడానికి ప్రతిదానికీ శుద్ధమైన స్టాండర్డు కావాలి, అవి ఖరీదైనవి. మేము రెండు పండ్ల నమూనాలను పోల్చడమే పనిగా పెట్టుకున్నాం కనుక, పాత పద్ధతితోనే సరిపెట్టుకుని, నోటుబుక్కులో ప్రతి అంకె పక్కన "సయనిడిన్-3-గ్లూకోసైడ్‌కు సమానంగా, తొక్కతో" అని రాసుకున్నాను.